రెండో వరుస

పర్ణశాల,
నవంబరు 24.

మరియక్కా,

ముందుగా, ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు చదువుతున్న మదర్ గారికి నమస్కారం. అమ్మా, నేను అంటించి పంపినా మీరు విప్పి చూడటం అక్కడి నియమమని అక్క చెప్పింది. అందుకే జిగురు దండగ చేయకుండా కవరు తెరిచే పంపుతున్నాను.

అక్కా, సిస్టర్ల శిక్షణ కోసం నువ్వున్న నొవిషియేట్‌లో నీకు ఫోన్ లేదు. నాకు ఫోన్ ఉంది, సిగ్నల్ లేదు. దుమ్ముగూడెం వైపు ఆనకట్ట దారి మలుపులో నిలబడితే రెండు గీతలు వస్తాయి. అక్కడి దాకా సైకిల్ మీద ఇరవై నిమిషాలు. కాబట్టి మనిద్దరం పోస్టుమాన్ కాలంలోకి వెళ్లిపోయాం.

అమ్మ నన్ను 'గోధుమల ఆఫీసరు' అని చెప్పుకుంటోందట. సంగతి ఇదీ. హైదరాబాదులో ఒక విత్తనాల కంపెనీ పదకొండు చోట్ల ఒకే పన్నెండు రకాలు వేసి చూస్తోంది. ఎండని తట్టుకునే గోధుమ, బార్లీ ఏవో తేల్చాలట. ఎండకేం కరువు, అందుకని అడవి అంచున, గోధుమ మొహం ఎరగని నేల ఒక ఎకరం కౌలుకు తీసుకుని నన్ను తెచ్చి పెట్టారు. కూలీల పెద్ద నాగక్క గింజను గోటితో గిల్లి చూసి, "ఇది రేషన్ల వచ్చే పిండి గదా బిడ్డా. దీనికి చెట్టు గూడ ఉంటదా?" అంది. ఆమె వెంట ఐదుగురు ఆడవాళ్లు. వాళ్లలో వాళ్లు కోయలో మాట్లాడుకుని నవ్వుతారు. నా గురించేనని నాకు తెలుసు.

రకాల పేర్లు నాక్కూడా చెప్పరు. పేరు తెలిస్తే మనసు ఒకదాని వైపు మొగ్గుతుందని అన్నిటికీ నంబర్లే ఇస్తారు. ఒకటి నుంచి తొమ్మిది దాకా గోధుమ. పది, పదకొండు, పన్నెండు బార్లీ. ఈ పన్నెండింటినీ మూడు వరుసల్లో, వరుసకొక క్రమంలో కలిపి వేసి, ప్రతి మడి దగ్గరా ఒక నంబరు కర్ర పాతుతాం. నేల ఒకచోట బలంగా, ఒకచోట తేలికగా ఉంటుంది కదా, మూడు వరుసల్లోనూ నిలబడిందే గట్టి రకం.

ఇంక అసలు విషయం. చేరేటప్పుడు నా డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ వాళ్లు తీసి పెట్టుకున్నారు. ఒక ట్రయల్ పూర్తి చేసి అంకెలు అప్పగిస్తే ఇస్తారు. పూర్తి అంటే మూడు వరుసలూ. ఒక్క వరుస చెడినా ట్రయల్ చెల్లదు, వచ్చే చలికాలం మళ్లీ వేయాలి, అందాకా కాగితాలు వాళ్ల బీరువాలోనే. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకి దరఖాస్తు చేశాను. సీటొస్తే జూన్‌లో ఒరిజినల్స్ చూపించాలి. అంటే ఏప్రిల్లో నేను ఇక్కణ్ణుంచి కదలాలి. కదిలి తీరాలి.

విత్తడం పదిహేనో తారీకున అయిపోయింది. సాఫీగా.

నా గది హైమ గారి బొమ్మల దుకాణం వెనక. సీతమ్మ చీర ఆరేసుకున్న రాయి ఎక్కడని యాత్రికులు నన్నే అడుగుతారు. నేను ఎడమ చేయి చాపి చూపిస్తాను. వచ్చినవాళ్లంతా గంటలో చూసేసి బస్సెక్కిపోతారు. నేను చేయి దించి గదిలోకి వస్తాను.

నీ
మహిమ



ఏలూరు,
డిసెంబరు 8.

మహీ,

మదర్ నీ ఉత్తరం నా చేతికిస్తూ నవ్వు ఆపుకోలేకపోయారు. "మీ చెల్లెలు జిగురు ఆదా చేసిందమ్మా" అన్నారు. ఆవిడది మినుము పండించిన ఇల్లు. "గోధుమకి చలి కావాలి, అక్కడ మంచు పడుతోందా అని అడుగు" అన్నారు. అడిగినట్టే అనుకో.

నేను సంతోషంగా ఉన్నాను. ఐదింటికి గంట. ప్రార్థన, పూజ, తర్వాత హాస్టల్ పిల్లలకు ఉప్మా. నూట పది మందికి ఉల్లిపాయలు తరిగితే కళ్లు వాటంతటవే ఏడుస్తాయి, ఎవరూ కారణం అడగరు. సాయంత్రం పిల్లలకు లెక్కలు చెబుతాను. మే ముప్పై ఒకటిన మా అయిదుగురికీ మొదటి మాటపట్టు. ఆ రోజు బిషప్పు గారి ముందు మాట పలికితే మేం సిస్టర్లం అయినట్టు. అమ్మ అప్పుడే తెల్ల చీర కొనేసిందట. తను పనిచేసే ఆస్పత్రి వార్డులో ఆయాలందరికీ చూపించిందట. నేను సంతోషంగానే ఉన్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు.

ఒకటి అడగనా? బస్సులో పక్క సీటు మనిషి గురించి కూడా పేజీ రాసేదానివి. చేలో గింజ వేసిన రోజు గురించి ఒక్క ముక్క రాసి వదిలేశావు. సాఫీగా అట. ఏమైంది?

అక్క
మరియ



పర్ణశాల,
డిసెంబరు 20.

అక్కా,

పట్టేశావు. మదర్ గారూ, మంచు పడుతోంది, కానీ ఏడింటికల్లా ఎండ దాన్ని నాకేస్తోంది.

ఆ రోజు ఒక గంట నేను చేలో లేను.

మొదటి వరుస తూర్పు నుంచి పడమరకు వేయాలి. రెండోది పడమర నుంచి తూర్పుకు, మూడోది మళ్లీ పడమరకు. పాము మెలికలు తిరిగినట్టు. మనిషి ఊరికే వెనక్కి నడిచే పని తప్పుతుందని కాలేజీలో ఇలాగే నేర్పారు. మొదటి వరుస దగ్గరుండి వేయించాను. అప్పటికి పదకొండయింది. ప్రవేశ పరీక్ష ఫారానికి ఆ రోజే ఆఖరు. నా ఫొటో మూడు రోజులుగా ఫోన్‌లో గిర్రున తిరుగుతోంది, ఎక్కడం లేదు. రెండో వరుస పొట్లాలు బుట్టలో క్రమంగా పేర్చి, "నాగక్కా, అటు నుంచి ఇటు వేసుకుంటూ వచ్చెయ్యండి" అని చెప్పి సైకిలెక్కాను. నేను తిరిగొచ్చేసరికి వరుస అయిపోయింది, వాళ్లు నీళ్లు తాగుతున్నారు. నేల అద్దంలా సర్ది ఉంది.

మొన్న కలుపు చూద్దామని కూర్చున్నాను. గోధుమ, బార్లీ చిన్నప్పుడు ఒకేలా ఉంటాయి. ఆకు మొదట్లో కాండాన్ని పట్టుకుని రెండు చెవులుంటాయి, అక్కడ చూడాలి. గోధుమకి అవి పొట్టిగా, నూగుతో ఉంటాయి. బార్లీకి పొడుగ్గా, నున్నగా, చేతులు కట్టుకున్నట్టు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. రెండో వరుసలో నాలుగో నంబరు గోధుమ కర్ర దగ్గర బార్లీ చేతులు కట్టుకుని నిలబడి ఉంది!

"నాగక్కా, రెండో వరుస ఎటు నుంచి ఏసిన్రు?"

"ఎటు నుంచేంది బిడ్డా? తూర్పు నుంచే గదా."

"నేను అటు నుంచి ఇటు రమ్మన్న గదా?"

"నువ్వు అన్నవు తియ్. గింజ పట్టుకోని పొద్దుకెదురు నడుస్తరా ఎవరన్న? బుట్ట మీద తువ్వాల కప్పి, గట్టు మీదంగ సుట్టు తిరిగొచ్చి, మళ్ల తూర్పు కాడ్నే మొదలువెట్టినం. మా అత్త గట్లనే నేర్పింది." ఇంకొకామె ఏదో కోయలో అంది, అందరూ నవ్వారు. "నీ మాట ఇంటే మొలకే రాకపోవునంటుంది" అని నాగక్క నాకు అర్థం చెప్పింది.

మూడు బార్లీ మడులూ కొలిచి చూశాను. వరుస అచ్చంగా తిరగబడింది, అంతే. సాయంత్రం వాళ్లు వెళ్లాక పన్నెండు కర్రలూ పీకి ఎదురు క్రమంలో పాతాను. చేను నక్షా, అంటే ఏ మడిలో ఏ నంబరో గీసిన పటం, ఇంకా కంపెనీకి పంపలేదు కాబట్టి, కొత్తది గీసి పంపి పాతది చింపేశాను. అరగంట పని. ఎవరికీ నష్టం లేదు. మదర్ గారూ, దీన్ని దిద్దుబాటే అంటారు కదా?

మహిమ



ఏలూరు,
జనవరి 6.

మహీ,

క్రిస్మస్ హడావిడిలో ఆలస్యమైంది. పిల్లలకి పశువుల పాక కట్టడంలో నా వేళ్లన్నీ గడ్డికి కోసుకుపోయి ఉన్నాయి.

మదర్ నీ ఉత్తరం ఇస్తూ ఈసారి నవ్వలేదు. "దిద్దుకోవడం మంచిదే. దిద్దానని పైవాళ్లకి చెప్పిందా?" అని మాత్రం అన్నారు.

నేనూ అదే అంటాను. చెప్పేయ్. చిన్నదిగా ఉన్నప్పుడే చెబితే చిన్నదిగానే ఉంటుంది. నీ కోసం ప్రార్థిస్తున్నాను.

మరియ



పర్ణశాల,
ఫిబ్రవరి 2.

అక్కా,

చెప్పేయ్ అని రాయడానికి నీకు రెండు అక్షరాల కంటే ఎక్కువ ఖర్చవలేదు. కోపంగా రాస్తున్నాను, మదర్ చదివితే చదవనీ.

రాజ్యశ్రీ మేడమ్ వచ్చారు. పదకొండు చేలకీ ఆవిడే సైంటిస్టు. నలభై అయిదేళ్లుంటాయి. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ముప్పై ఆరు మడుల్లోనూ కూర్చుని లేచారు. నాకు నచ్చారు, అదే ఇబ్బంది. చెప్పేద్దామనే నిలబడ్డాను. నాలుగు మాటలు పేర్చుకున్నాను కూడా.

ఆవిడ నక్షా చేత్తో పట్టుకుని, "మూడు వరుసలూ తూర్పు నుంచే మొదలయ్యాయేం? రెండోది తిరిగి రావాలి కదా" అన్నారు.

నా నోరు నాకంటే ముందు పరిగెత్తింది. "ఇక్కడివాళ్లు గింజ పట్టుకుని పొద్దుకెదురు నడవరు మేడమ్. అందుకే అలా గీశాను" అన్నాను.

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ముందూ వెనకా మాత్రమే మార్చాను.

ఆవిడ నక్షా మడుస్తూ, "పదకొండు చోట్లలో పనిచేసేవాళ్ల అలవాటు చూసి నక్షా గీసింది నువ్వొక్కదానివే మహిమా" అన్నారు. ఎమ్మెస్సీకి సిఫారసు ఉత్తరం తనే రాస్తానన్నారు. జీపెక్కుతూ భుజం తట్టారు. ఆ భుజం సాయంత్రం దాకా నాది కానట్టే ఉంది.

ఇప్పుడు చెప్పు, ఏ నోటితో చెప్పేయను?

నువ్వు డిసెంబరు ఉత్తరంలో సంతోషంగా ఉన్నానని రెండుసార్లు రాశావు. సంతోషంగా ఉన్నవాళ్లు ఒకసారి కూడా రాయరు. నాకు నిజం చెప్పమని రాసే ముందు, నువ్వు ఎవరికి చెబుతున్నావో చూసుకో.

పరీక్ష ఖమ్మంలో రాశాను. బాగానే రాశాను. తిరుగు బస్సు భద్రాచలం వంతెన దాటుతుంటే, దిగిపోయి ఎటైనా నడిచి పోదామనిపించింది. కాగితాలు లేనిదే ఎటు పోయినా నేనెవరినో నేనే చెప్పుకోవాలి. పర్ణశాల టికెట్టే కొన్నాను.

మహిమ



పర్ణశాల,
మార్చి 9.

అక్కా,

నెల దాటింది, నీ నుంచి ఉత్తరం లేదు. ఆ మాటలకు క్షమించు.

ర్యాంకు వచ్చింది. నూట నలభై. సీటు ఖాయమని సీనియర్లు అంటున్నారు. ఆనకట్ట మలుపులో ఒక్కదాన్నే గట్టిగా అరిచాను. గేదెలు తలెత్తి చూశాయి.

ఇది అయిదు రోజుల కిందటి మాట. తర్వాతిది ఇప్పుడు రాస్తాను.

చేను పసుపెక్కింది, పది రోజుల్లో కోత. ఎండ ముప్పై తొమ్మిది. గోధుమల్లో చాలావాటి గింజ పాలు పోసుకోకుండానే నొక్కుకుపోయింది. అయిదో నంబరు మాత్రం మొదటి వరుసలో, మూడో వరుసలో బొద్దుగా, చెవిపోగులా ఉంది. రెండో వరుసలో అదే అయిదో నంబరు తాలు. ఆ వరుసలో బొద్దుగా ఉన్నది ఎనిమిది. ఆ ఎనిమిది మిగతా రెండు చోట్లా తాలే. నేల గుణమేమో అనుకుని మట్టి తవ్వి చూశాను. ఒకటే మట్టి.

మధ్యాహ్నం నీడలో కూర్చుని నాగక్కను మళ్లీ అడిగాను, ఆ రోజు ఇంకేమన్నా అయిందా అని.

"ఏమైతది? గట్టు మీద తిరిగొస్తుంటే బుట్ట ఒరిగి రెండు పొట్లాలు కాల్వల పడ్డయి. తడిసిన గింజ ఆగదు గదా. ముందు రెండు మడుల్ల వాటినే ఏసినం. ఆ మడులకు పోవాల్సినయి వీటి జాగల ఏసినం. జాగకు జాగ సరిపాయె."

"ఏ రెండు పడ్డయి నాగక్కా?"

"ఏవో రెండు. అన్నిటికి ఒకటే తెల్ల కాగితం పెడితివి, మీద అంకె గూడ లేకపాయె, నాకేమెరుక?" అని, నా మొహం చూసి గొంతు తగ్గించింది. "ఏందే, తప్పాయెనా?"

లేదు అన్నాను.

బార్లీని చెవులు చూసి పట్టుకోగలను. గోధుమ నుంచి గోధుమను ఎవరూ పట్టుకోలేరు. అయిదు, ఎనిమిది మారాయనుకున్నా, తారుమారైన మిగతా రెండు మడులు ఏవో తేలదు. అంటే డిసెంబరులో నేను చేసింది దిద్దుబాటు కాదు, ఊహ. ఊహను కర్రలుగా పాతి, నక్షాగా గీసి, దాని మీద మెప్పు పొందాను. ఈ వరుస అంకెలు అలాగే పంపితే మంచి రకం పక్కకు పోయి, తాలు రకం గెలవచ్చు. అది రేపు ఎవరి చేలోకో వెళ్తుంది. చెబితే వరుస పోతుంది, ట్రయల్ పోతుంది, వచ్చే ఏప్రిల్ దాకా నేను ఈ గదిలో. నూట నలభై ఇంకెవరికో.

మదర్ చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఇంకెవరికి రాయను?

మహిమ



ఏలూరు,
మార్చి 17.

మహీ,

ఇది మదర్ చూడని ఉత్తరం. సక్రి అని మీ దుమ్ముగూడెం మనిషే, ఆమె కూతురు మా హాస్టల్లో ఏడో తరగతి. పిల్లను చూడటానికి వచ్చింది. ఆమె కొంగున కడుతున్నాను.

చెప్పకు.

జనవరిలో చెప్పేయ్ అని రాసింది నేను కాదు, మదర్ చదువుతారని తెలిసిన నా చెయ్యి. ఇప్పుడు నేను రాస్తున్నాను. పదకొండు చోట్లలో ఒక చోట, అందులో మూడింట ఒక వరుస. దానికి లోకం మునిగిపోదు. నువ్వు మునుగుతావు. అంకెలు పంపెయ్, కాగితాలు తీసుకో, వెళ్లిపో.

నువ్వు అడిగావు కదా, నేను ఎవరికి నిజం చెబుతున్నానని. ఎవరికీ చెప్పలేదు. నాకిక్కడ ఉండాలని లేదు. ఎందుకూ అంటే చూపించడానికి ఒక్క చెడూ లేదు, అదే నా కష్టం. ఎవరూ నన్నొక మాట అనలేదు. మదర్ మంచావిడ. తోటివాళ్లు పాటలు పాడుకుంటూ గిన్నెలు తోముతారు. వాళ్ల మొహాల్లో ఉన్నది నా మొహంలోకి రావడం లేదు. రెండేళ్లుగా వస్తుందని చూస్తున్నాను.

మాటపట్టు రోజు పలకాల్సినది ఇప్పుడు రోజూ వల్లె వేయిస్తున్నారు. అందులో 'ఇష్టపూర్వకంగా' అని ఒక మాట ఉంది. అక్కడికి వచ్చేసరికి దగ్గు వస్తుంది. మిగతా నలుగురూ నా దగ్గు కోసం ఆగి, మళ్లీ అందుకుంటారు. మొన్న ఒకామె కషాయం కాచి ఇచ్చింది.

అమ్మ చీర కొంది. గుడిలో నా పేరు చదివారు. అమ్మ నెలనెలా జీతం రోజు ఆస్పత్రి నుంచి తిరిగొస్తూ మేరీమాత దగ్గర నా కోసం కొవ్వొత్తి వెలిగిస్తుంది. నేనెలా వెనక్కి నడిచి రాను?

మనిద్దర్లో ఒక్కరైనా బయటపడాలి మహీ. తలుపుకి దగ్గరగా ఉన్నది నువ్వు. నీ కాళ్లు పట్టుకుంటాను, చెప్పకు.

మరియ



పర్ణశాల,
ఏప్రిల్ 13.

అక్కా,

నువ్వన్నట్టే చేద్దామనుకున్నాను. ఇది నువ్వు నమ్మాలి.

కోత అయింది, నూర్పిడి అయింది. ముప్పై ఆరు సంచులు, ప్రతి సంచికీ నంబరు చీటీ. రెండో వరుస చీటీలు కూడా నా చేత్తోనే కట్టాను. సంచులు ఆటోలో వేసుకుని నాగక్క, నేను భద్రాచలం పార్శిల్ ఆఫీసుకి బయల్దేరాం. ఆనకట్ట మలుపులో ఆటో ఆపించి, తూకాలన్నీ ఫోన్‌లో కంపెనీ యాప్‌లోకి ఎక్కించాను. ముప్పై నాలుగు ఆకుపచ్చగా దాటాయి. రెండో వరుసలో అయిదు, ఎనిమిది ఎర్రబడ్డాయి. 'మిగతా వరుసలతో పొసగడం లేదు, కారణం ఎంచుకోండి' అని వచ్చింది. కింద పట్టిక: పక్షులు, పురుగు, వాన, కూలీల పొరపాటు, ఇతరం. చూడక్కా, తప్పు చేయగలిగినవాళ్లందరి పేర్లూ రాశారు. నాకు మాత్రం అందులో చోటు పెట్టలేదు.

పక్షుల మీద వేలు పెట్టాను. పక్షులు వచ్చి కాదనవు.

నాగక్క సంచుల మీద కూర్చుని వక్క నములుతోంది. "ఏం రాస్తున్నవు, ఇంత సేపు?" అంది.

"రెండో వరుసల ఏమైందో రాయమంటుంది."

"నీకేమెరుక? నువ్వు లేవు గదా ఆడ."

ఎత్తిపొడుపు కాదు. నిన్న వాన పడలేదు గదా అన్నట్టు, అంత మామూలుగా అని మళ్లీ వక్క నమిలింది. అయిదు నెలలుగా నీకు, మదర్‌కి, నాకు నేను పేజీలు పేజీలు రాసుకున్నది ఆమె ఒక్క ముక్కలో అనేసింది.

వేలు తీసి 'ఇతరం' నొక్కాను. చిన్న పెట్టె తెరుచుకుంది. 'రెండో వరుస విత్తినప్పుడు నేను చేలో లేను. ఆ వరుసలో ఏ గోధుమ ఏదో నాకు తెలియదు. నక్షా తర్వాత గీసింది' అని రాసి పంపేశాను. తీరా పంపాక భయమేసి ఫోన్‌ని సంచుల మధ్యకి తోసేశాను. అది అక్కణ్ణుంచే మోగింది.

"మహిమా, ఏంటిది?" రాజ్యశ్రీ మేడమ్. "కూలీల అలవాటు చూసి గీశానన్నావు నాతో."

"అబద్ధం మేడమ్. వాళ్లు వేసేశాక గీశాను."

ఫోన్‌లో కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆవిడ గొంతు మెత్తబడింది. "నీ ర్యాంకు నాకు తెలుసు. ఇది ఇంకా నా దగ్గరే ఉంది, పైకి పోలేదు. వెనక్కి పంపుతాను, ఇతరం తీసేసి కూలీల పొరపాటు పెట్టు. అప్పుడది సైటు తప్పు అవుతుంది, నీది కాదు. నీ సర్టిఫికెట్లు నేను ఇప్పిస్తాను. వచ్చే ఏడు వేరే గ్యాంగు వస్తుంది, అంతే."

"వేరే గ్యాంగంటే?"

"అశ్వారావుపేట నుంచి తెప్పిస్తారు. పామాయిల్ తోటల్లో చేసేవాళ్లు."

నాగక్క నా ఎదురుగానే ఉంది. చలికాలమంతా ఆ ఆరుగురికీ పని మా చేలోనే. తనని అడిగితే 'రాసుకో బిడ్డా' అనేది కూడా. అందుకే అడగలేదు. అబద్ధమాడనక్కా, ఆ నిమిషం నాకు నువ్వు గుర్తొచ్చావు, నీ దగ్గు గుర్తొచ్చింది. ఒక్కరైనా అన్నావు. నోట్లో 'సరే మేడమ్' ఉంది.

"నాగక్కది పొరపాటు కాదు మేడమ్" అన్నాను. "తడిసిన గింజ ఆగదు. ఎప్పుడు వేయాలో అప్పుడే వేసింది. పక్కన నిలబడి రాసుకోవాల్సిన మనిషి లేదు."

"అయితే నీ పేరే ఉండనీనా?"

"ఉండనివ్వండి."

"పిచ్చిపిల్లా" అని పెట్టేశారు. కోపమో ఏమో తెలియలేదు.

మూడో రోజుకి మెయిల్ వచ్చింది. ట్రయల్ చెల్లదు. నవంబరులో మళ్లీ వేయాలి. ఒరిజినల్స్ వచ్చే ఏప్రిల్లో. అమ్మకి ఫోన్‌లో చెప్పాను. ఆమె, "అక్కడ కూరగాయలు దొరుకుతున్నాయా?" అని అడిగింది.

మనసు తేలికైందని రాయను. తేలిక కాలేదు. యాత్రికుల బస్సు స్టార్టు చేసిన చప్పుడు వింటే గది తలుపు వేసేసుకుంటున్నాను. చేలో కొయ్యకాళ్లు తప్ప ఏం లేవు. నవంబరు దాకా నేను వాటికి కాపలా. నా తెలివి మీద నాకున్న నమ్మకం కూడా ఎక్కడో కాలువలో పడింది. ఇదంతా నిజమే. కానీ రాత్రి పడుకుంటే, రెండో వరుస గురించి ఇంకెవరికి ఏం చెప్పాలో కూర్చుకోవడం లేదు. అంతవరకే.

ఇప్పుడు నీ సంగతి. నేను బయటపడలేదు కాబట్టి నువ్వు పడు అనను. అలా అంటే అమ్మలాగే నేనూ నీకో చీర కొన్నట్టవుతుంది. అయితే ఒక తేడా ఉంది. నేను కంపెనీ కాగితం మీద సంతకం పెట్టేశాక తెలుసుకున్నాను. నువ్వింకా ఆ మాట పలకలేదు. నీ కాగితాలు ఏ బీరువాలోనూ లేవు. నువ్వు వస్తే ఈ గదిలో రెండో మంచం పడుతుంది, హైమ గారిని అడిగాను. పది రోజులకో, పది నెలలకో. రాకపోయినా సరే, ఇష్టమై ఉండిపోతే ఇంకా సరే. దగ్గుతూ మాత్రం ఉండొద్దు.

ఉత్తరం సక్రి చేతికే ఇస్తున్నాను. ముందు నువ్వే చదువు. తర్వాత మదర్‌కి చూపిస్తావో, పొయ్యిలో వేస్తావో నీ ఇష్టం. చూపించేట్టయితే మాత్రం మే ముప్పై ఒకటి దాకా ఆగకు.

నీ చెల్లి
మహిమ